తడి సున్నం

ఖుర్షీదా అన్నం గిన్నె పట్టుకొని వచ్చేసరికి నాగూర్ బాషా మౌలాలి గుట్టను చెరుపుతున్నాడు.

పరంజా మీద గొంతుక్కూర్చుని, వెడల్పాటి కుంచెను సున్నపు నీళ్ల డబ్బాలో ముంచి, గోడ మీద ఆ చివర నుంచి ఈ చివరకు లాగుతున్నాడు. లాగినప్పుడల్లా ఒక బండ మాయమవుతోంది. ఒకదాని మీద ఒకటి ఒరిగి కూర్చున్న ఆ గుండ్లు గీయడానికి అతనికి నిన్నంతా పట్టింది. ఎండ పడిన వైపు ఎరుపు, నీడ వైపు బూడిద రంగు. ఇప్పుడు సగం గుట్టే మిగిలింది. మిగిలిన సగం చోట గోడ చెమ్మగా, విరిగిన పాల రంగులో ఉంది.

"ఏందయ్యా, గుట్టకేమైంది?" అంది ఖుర్షీదా.

అతను వెనక్కి తిరగలేదు. "చారిగారు వచ్చిపోయిండు. గుట్ట వద్దన్నడు."

"ఎందుకంట?"

"మౌలాలి గుట్టంటే దర్గా యాదికొస్తదంట. ఈ దినాలల్ల ఎందుకొచ్చిన పంచాదని."

"నువ్వు దర్గా గియ్యనే లేదు గద. ఒట్టి రాళ్లే."

"ఒట్టి రాళ్లే."

"ఆ మాట చెప్పినవా?"

అతను కుంచెను డబ్బా అంచుకు రాసి నీళ్లు పిండాడు. "అట్లనే చారిగారూ అన్న."

ఖుర్షీదా గిన్నె బల్ల మీద పెట్టి, మూత తీసి, మళ్లీ పెట్టింది. ఈ వారంలో 'అట్లనే' అన్న మాట ఆమె ఎన్నిసార్లు విన్నదో. రిటైరైన గార్డు జ్ఞానశేఖర్ వచ్చి గోడ మీద ఒక రైలింజను ఉండాలన్నాడు. అట్లనే సార్. దర్జీ షంషీర్ సాహెబ్ వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, బురఖా ముసుగు ఎత్తుకున్న ఆడమనిషిని వరుసలో నుంచి తీసేయమన్నాడు. అట్లనే సాహెబ్. నగల దుకాణం బ్రహ్మచారిగారు మొన్న ఒక మూల కమలం కావాలన్నాడు, ఇవాళ గుట్ట వద్దన్నాడు. కమిటీ అంటే ఆ ముగ్గురే. ముగ్గురికి ముగ్గురూ మంచివాళ్లే. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఒకరు అడిగింది ఇంకొకరికి తెలియదు.

మెట్టుగూడ రైల్వే వాళ్లూ, సికింద్రాబాద్ బజారు వాళ్లూ చందాలు వేసుకొని కట్టించిన కాన్పుల ఆసుపత్రి అది. ఇంకా దర్వాజాలకు రంగు కూడా ఎండలేదు గాని, వెనక గదిలో నర్సు మార్త అప్పుడే ఆడవాళ్లను చూడటం మొదలుపెట్టింది. ముందు వసారాలో, వాళ్లు వంతు కోసం కూర్చునే బల్లలకు ఎదురుగా ఉన్న గోడ ఇది. దీని సంగతి ఖుర్షీదా చెవిన వేసింది మార్తే. "ఒట్టి గోడ చూసుకుంట కూసుంటే నొప్పులు ఇంకింత ఎక్కువైతయని కమిటీ వాళ్లతోని కొట్లాడి బొమ్మకు ఒప్పించిన. మీ ఆయనను ఒక నమూనా తెమ్మను. ఉత్త చేతులతోని వస్తె పని కాదు" అన్నది. ఆ సాయంత్రమే ఖుర్షీదా అటక మీది చెక్కపలక దించి, తుడిచి, మొగుని ముందు పెట్టింది. నవాబు రాజ్యం పోయి మిలిట్రీ వచ్చినప్పటి నుంచి దుకాణాల వాళ్లెవరూ అతన్ని బోర్డు రాయమని పిలవలేదు.

పలక మీద అతను గీసింది చూసి కమిటీ ముగ్గురూ ఒక్క మాట మీద బాగుందన్నారు. వెనక మౌలాలి గుట్ట. ముందు నేల మీద వరుసగా కూర్చున్న ఆడవాళ్లు. ఒక లంబాడామె, తెల్లచీర కట్టిన ఒక కిరస్తానీ ఆమె, రైల్వే క్వార్టర్ల ఆమె ఒకతె, ముసుగు ఎత్తుకున్న ఒకామె. వాళ్ల నడుమ చేతి నుంచి చేతికి పోతున్న ఒక పసిబిడ్డ. అంతే.

ఇప్పుడు గోడ మీద ఆ బిడ్డ పక్కన ఇంజను పొగ ఉంది. ముసుగు ఎత్తుకున్న ఆమె ఉన్నచోట ఖాళీ ఉంది. ఆ ఖాళీ వల్ల బిడ్డను అందుకోబోయే చేతులు ఎవరివో తెలియకుండా గాలిలో ఉన్నాయి.

"దిగి తిను" అంది ఖుర్షీదా. "అన్నం సల్లారుతది."

"ఇంత గుట్ట చెరిపి దిగుత."

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. మొన్న వేసిన కమలం అంచు మీద వేలు పెట్టింది. గట్టిగా కూడా పెట్టలేదు. రంగు పెంకులా లేచి ఆమె వేలికి అంటుకొని వచ్చింది. దాని కింద సున్నం, ఆ సున్నం కింద మళ్లీ రంగు. ఆమె ఆ పెంకును కొంగుకు తుడుచుకుంది. మొగుడు చూడలేదు.

సాయంత్రం తాపీ మేస్త్రి బిక్షం వాళ్లింటికి వచ్చాడు. వసారా గోడలకు గచ్చు వేసింది అతనే. ఇద్దరూ ఒకే వీధి వాళ్లు. నాగూర్ బాషా వాకిట్లో కూర్చొని కుంచెలు కడుగుతుంటే, ఖుర్షీదా పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది.

"బాషన్నా, నేనొక మాటంట, కోపం జేస్తవా?" అన్నాడు బిక్షం, గడప మీద కూలబడి.

"కోపం చేసెటోడు నాగూర్ బాషానేనా?" అంది ఖుర్షీదా లోపలి నుంచి. "ఈయనకు కోపమొస్తదని కోపానికి సుత తెల్వదు."

బిక్షం నవ్వాడు. నాగూర్ బాషా కూడా కొంచెం నవ్వాడు.

"ఆ గోడ నిలువదే. ఒక పొర మీద ఒక పొర పూస్తున్నవు. పొడి గోడ మీద తుమ్మజిగురు రంగు, దాని మీద సున్నం, మల్ల జిగురు. మొదటి వాన పడంగనే పొట్టు లెక్క లేస్తది. అప్పుడు ఎవరినంటరు? నిన్నంటరు, గచ్చు మంచిగ లేదని నన్నంటరు."

"ఎరుకే."

"ఎరుకైతే మరి? మీ ఉస్తాద్ పొడి గోడను ముట్టకపోతుండె గద. ఆయన కింద నేను చిన్నప్పుడు సున్నం నూరిన. పొద్దుగాల నేను గచ్చు పూస్తుంటే నా వెనకనే ఆయన కుంచె ఆడుతుండె. తడి మీద ఏసిన రంగు సున్నంతోని కలిసి రాయైతది. నీళ్లు కొట్టినా పోదు. నువ్వు సుత ఆయన తీర్గనే ఏస్తుంటివి."

నాగూర్ బాషా కుంచెను నీళ్లలో తిప్పుతూనే ఉన్నాడు. నీళ్లు ఎర్రగా, తర్వాత మురికిగా మారాయి.

"తడి మీద ఏస్తే మార్చరాదు బిక్షం" అన్నాడు చివరికి.

ఖుర్షీదా చేతిలో రొట్టె అలాగే ఆగింది.

"అంటే" అంది ఆమె వాకిట్లోకి వచ్చి, "ఈ గోడ దొరికిన దినమే నువ్వు మార్చనీకి తయారైనవా? ఎవరేమన్నా చెరపొచ్చని పొడి మీద షురూ చేసినవా?"

అతను కుంచె పిండి, దాని మొన సరిచేసి, చెంబులో నిలబెట్టాడు.

"ఠాణాల ఏమడిగిన్రో నీకు ఎరుకే గద" అన్నాడు నెమ్మదిగా. "ఆ నవాబు వలంటీర్ల ఆఫీసు బోర్డు రాసింది నువ్వేనా అన్నరు. నేనే అన్న. చాయ్ దుకాణానికి సుత నేనే రాసిన, హకీం సాబుకు సుత నేనే రాసిన అన్న. నన్ను కూసోవెట్టిన్రు. మళ్లీ విడిసివెట్టిన్రు. నేను కాదు, కూడదు అననీకి నా దగ్గర ఏమున్నది ఖుర్షీ? ఎట్లన్న చేసి ఈ గోడ ఒక్కటి పూర్తైతే, చూసినోళ్లు ఇంకోటి ఇస్తరు. లేదంటే మౌలాలిల అన్న దగ్గరికి పోయి దూది ఏకుకుంట కూసుంట. అన్న రమ్మంటనే ఉన్నడు."

"దూది ఏకితే ఏమైతది? మంచి పనే" అంది ఖుర్షీదా.

"మంచి పనే" అన్నాడు అతను. "నాకు రాదు."

బిక్షం లేచి, తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి దులిపాడు. "పని పట్టుడు వేరు వదినా, పట్టిన పని నిలవెట్టుకొనుడు వేరు" అని ఆమెతో అని వెళ్లిపోయాడు.

ఖుర్షీదా రొట్టెలు పూర్తి చేసింది. నాగూర్ బాషా ఒకటి తిని, రెండోది సగం తుంచి పక్కన పెట్టాడు. తర్వాత ఆమె పెట్టె తెరిచి, బట్టల అడుగున మడిచి ఉన్న కాగితం చుట్ట తీసింది. అది ఖాకా. గోడంత కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడుస్తారు. దాన్ని గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో తడితే గీతలన్నీ చుక్కలుగా గోడ మీద పడతాయి. గీసేది అతను, పొడిచేది ఆమె. గుట్టలో ఒక్కొక్క బండనూ, ముసుగు ఎత్తుకున్న ఆమె వేళ్లనూ తను పొడిచిందే. కాగితాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుంది. బెజ్జాల్లో నుంచి వెలుగు సన్నసన్నగా వచ్చింది. ఎక్కడా చిరగలేదు.

తెల్లవారగానే ఆమె బిక్షం ఇంటికి వెళ్లింది.

"పాత రంగంతా గీకి, గోడకు గాట్లు పెట్టి, మంచిగ తడిపి, పై సగానికి సన్నపు సున్నం ఎయ్యి. ఆయనను నేను మోండా మార్కెట్‌కు పంపుత, ఎర్రమన్ను తెమ్మని. ఆయన వచ్చేటాళ్లకు గోడ తడిగ ఉండాలె."

బిక్షం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కమిటీ వాళ్లు?"

"ఇయ్యాల పొద్దు వాలినదాక రారంట."

"బాషన్న?"

"ఆయన సంగతి నాకిడిసిపెట్టు."

"వదినా, వాళ్లు నన్ను తంతరు."

"నేను ముందుంట తియ్. నాకు తగిలినంకనే నీకు తగులుతది."

వసారా తాళం మార్త దగ్గర ఉంటుంది. ఖుర్షీదా సంగతి చెబితే మార్త రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని కాసేపు ఆమెను చూసింది. తర్వాత తాళంచెవి ఇచ్చింది. "నేను తాళంచెవి ఇచ్చిన, అంతే. గోడ దిక్కు నేను సూడలేదు. ఎవరన్న అడిగితే లోపల బిడ్డ అడ్డం తిరిగిందని చెప్త" అని లోపలికి పోయింది. రెండడుగులు వేసి మళ్లీ వచ్చింది. "ఆ ఇంజను సుత పోతది గద?"

"పోతది."

"దేవుడు సల్లగ సూడాలె నిన్ను" అంది మార్త.

బిక్షం పని మొదలుపెట్టాడు. గీకుతుంటే కమలం, ఇంజను, పొగ పెంకులు పెంకులుగా రాలి నేల మీద పడ్డాయి. ఖుర్షీదా వాటిని చీపురుతో ఒక మూలకు తోసింది. బకెట్లు మోసింది. గోడ నీళ్లు తాగుతూనే ఉంది. ఎన్ని కొట్టినా ఇంకిపోతున్నాయి. చివరికి మిలమిల మెరిసి, ఇక చాలన్నట్టు నిలిచింది. బిక్షం తాపీ మీద సున్నం ఎత్తి, మణికట్టు తిప్పి, పై నుంచి కిందికి, ఒక మూల నుంచి ఒక మూలకు పరిచాడు. చెక్కతో రుద్దాడు. వెన్న పూసినట్టు గోడ పై సగం తెల్లగా, చల్లగా తయారైంది.

నాగూర్ బాషా మట్టి మూట భుజాన వేసుకొని వచ్చి, మెట్ల మీదనే ఆగిపోయాడు.

మూల పోగు చూశాడు. గోడ చూశాడు. మూట దించి, పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. అతని మొహంలో రంగు లేదు.

"ఎవరు చెప్పిన్రు?" అన్నాడు.

"నేనే" అంది ఖుర్షీదా.

"నా పని పోయింది."

"నీ పని నిన్ననే పోయింది. చారిగారు గుట్ట తీసెయ్యమన్నప్పుడు సగం, నువ్వు అట్లనే అన్నప్పుడు సగం."

అతను లేచాడు. ఒక్క అడుగు ఆమె వైపు వేశాడు. ఖుర్షీదా కదల్లేదు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమె మీద చెయ్యెత్తలేదు. ఇప్పుడెత్తితే ఏం చేయాలో కూడా ఆమె ఆలోచించుకోలేదు. అతను చెయ్యెత్తలేదు. ఊరికే నిలబడ్డాడు.

పరంజా మీద నుంచి బిక్షం అన్నాడు: "బాషన్నా, తిట్టుడుంటే ఎనక తిట్టు. ఎండెక్కుతున్నది. ఇది నీకోసం ఆగదు, నాకోసం ఆగదు."

నాగూర్ బాషా గోడ దగ్గరికి వెళ్లాడు. అరచేతి వెనక భాగాన్ని గచ్చుకు దగ్గరగా తెచ్చాడు, తాకించలేదు. ఊపిరి పట్టి ఆ చల్లదనం చూశాడు. తర్వాత ఒక మూలన, ఎవరికీ కనిపించని చోట, చూపుడువేలు గోటితో మెత్తగా నొక్కాడు. గోరు గుర్తు పడింది.

"ఇసుక ఎక్కువ కలిపినవా?"

"ఎప్పటి తీర్గనే" అన్నాడు బిక్షం.

"పొద్దు వాలేటాళ్లకు బిగుస్తది" అన్నాడు నాగూర్ బాషా, తనలో తానే. చొక్కా విప్పి బల్ల మీద పడేశాడు. "ఖాకా ఏది?"

ఖుర్షీదా చుట్ట విప్పింది. పై అంచు బిక్షం పట్టుకున్నాడు. ఆమె ఒక చివర, మొగుడు ఒక చివర. బొగ్గుపొడి మూట ఆమె చేతిలో ఉంది. టప్, టప్, టప్. నల్లని ధూళి ఆమె ముక్కుపుటాల్లోకి పోయింది. మొదట ఆడవాళ్ల తలలు పడ్డాయి. తర్వాత ముసుగు అంచు. తర్వాత గుట్ట మొదటి బండ.

"ఖుర్షీ" అన్నాడు అతను. "గుట్ట..."

ఆమె మూటతో తడుతూనే ఉంది. ఇంకో బండ. ఇంకో బండ. ఆ పైన గుట్ట కొస.

అతను కాగితం అంచును ఇంకా గట్టిగా గోడకు ఆనించాడు. కాగితం తీసేశారు. చుక్కలు చూసి, రంగుల మూకుళ్లు ముందుకు జరుపుకొని, పరంజా ఎక్కాడు. అప్పటి నుంచి అతను వాళ్లిద్దరినీ చూడలేదు. ఎర్రమన్ను, పచ్చమన్ను, బొగ్గుమసి, సున్నపు తెలుపు. కుంచె గోడను తాకగానే రంగు లోపలికి పోయి అక్కడే నిలిచిపోతోంది. ఒక్కసారి పెట్టిన గీత మళ్లీ దిద్దడానికి లేదు. కాబట్టి అతను దిద్దలేదు. చేయి ఆగి, చూసుకొని, ఒకేసారి పోతోంది. బండలు వచ్చాయి. వాటి నీడలు వచ్చాయి. ఖుర్షీదా మూకుళ్లలో నీళ్లు కలుపుతూ, అతను చెయ్యి చాచకముందే అందిస్తూ ఉంది. మధ్యాహ్నం అన్నం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. బిక్షం మాత్రం మెట్ల మీద కూర్చొని తనది తాను తిన్నాడు.

కమిటీ వాళ్లు వచ్చేసరికి ఎండ వసారా అంచుకు దిగింది. ఎప్పుడూ ఒక్కొక్కరుగా వచ్చేవాళ్లు ఆ రోజు ముగ్గురూ కలిసే వచ్చారు. ఆసుపత్రి తెరిచే దినం గురించి మాట్లాడుకుంటూ మెట్లెక్కారు. బ్రహ్మచారిగారు ముందు, పొడుగాటి జ్ఞానశేఖర్ ఆయన వెనక, షంషీర్ సాహెబ్ చివర.

మాటలు ఆగిపోయాయి.

గోడ పై సగంలో మౌలాలి గుట్ట ఉంది, గీతలు అవే అయినా మొదటిసారి కంటే దగ్గరగా వచ్చినట్టు. దాని ముందు నలుగురి మొహాలూ భుజాలూ. ముసుగు ఎత్తుకున్న ఆమె మొహం అన్నిటికన్నా ముందుంది. కింది సగం ఖాళీ. చేతులు లేవు, బిడ్డ ఇంకా లేదు.

నాగూర్ బాషా పరంజా దిగి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఖుర్షీదా అతనికి కొంచెం ముందుగా వచ్చి నిలబడింది.

"ఇదేంది?" అన్నాడు బ్రహ్మచారిగారు. వేలు ముందుకు చాచి గుట్ట దగ్గరికి నడిచాడు.

"ముట్టకుండ్రి చారిగారూ!" అని బిక్షం అరిచాడు. అరిచాక తనకే భయమేసి, "తడిగున్నది" అన్నాడు చిన్నగా.

బ్రహ్మచారిగారు వేలు వెనక్కి తీసుకున్నాడు. "గుట్ట వద్దన్న గద నేను."

ఖుర్షీదా ఆయనకూ గోడకూ నడుమ నిలబడింది. "తడి సున్నం మీద ఏసిన్రు చారిగారూ. సున్నంల కలిసిపోయింది. ఇగ మార్చరాదు. మీకు వద్దంటే గోడ తవ్వాలె."

"ఇంజను?" అన్నాడు జ్ఞానశేఖర్.

"లేదు సార్."

"పెట్టడానికి..."

"చోటు లేదు సార్."

"మార్చరాదా? అస్సలు మార్చరాదా?" బ్రహ్మచారిగారు బిక్షం వైపు తిరిగి అడిగాడు.

"రాదు" అన్నాడు బిక్షం.

బ్రహ్మచారిగారు అక్కడున్న బల్ల మీద కూర్చున్నాడు. తల మీది టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపు గుట్టను చూశాడు. ఆయన ఏం చెబుతాడోనని అందరూ ఎదురుచూస్తుంటే, ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. ఎండలో నడిచొచ్చినవాడు చెప్పులు విడిచినప్పుడు వదిలినట్టు.

"సచ్చి బతికిన" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"దుకాణంల గిరాకీ కంటె సలహాలు చెప్పెటోళ్లే ఎక్కువైన్రు. ఒగడొచ్చి గుట్ట ఎందుకంటడు. ఒగడు కమలం ఏదంటడు. ఒగడు దేవతను కూసోవెట్టుమంటడు. మిలిట్రీ సాబులొచ్చి చూస్తే ఏమనుకుంటరో అని ఒగడు. ఒక్కొక్కనికి జవాబు చెప్పలేక పరేషానై, ఈడికొచ్చి ఈయనకు చెప్తున్న. ఇగ రేపటి సంది ఒక్కటే మాట. మార్చరాదు. సున్నంల కలిసిపోయింది, నేనేం చెయ్యాలె అంట." ఆయన మళ్లీ గుట్ట వైపు చూశాడు. "ఇంతకూ నేను పుట్టింది ఆ గుట్ట కిందనే. ఆ పెద్ద బండ మీద జారి నా మోచెయ్యి ఇరిగింది. నాకెందుకు వద్దైతది?"

"మరి వద్దన్నరు గద" అంది ఖుర్షీదా.

"అన్న. అనలేదంటనా?"

జ్ఞానశేఖర్ నవ్వాడు. పెద్ద నవ్వు, వసారా అంతా మోగింది. "ఒక బండికి ఒక గార్డే ఉంటాడు చారిగారూ. మనం ముగ్గురం మూడు జెండాలు ఊపాం. పాపం ఈయన ఏ జెండా చూసి బండి నడపాలి? బాషా, నా ఇంజను నేనే వాపసు తీసుకుంటున్నా. నిజానికి ఇంజను కావాలన్నది నా మనవడు."

షంషీర్ సాహెబ్ ఇంకా మాట్లాడలేదు. గోడకు దగ్గరగా పోయి, కళ్లద్దాలు తీసి కుర్తా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకొని, ముసుగు ఎత్తుకున్న ఆమెను చూస్తున్నాడు. ఆ తర్వాత నాగూర్ బాషా దగ్గరికి వచ్చి, అప్పటిలాగే గొంతు తగ్గించి అన్నాడు: "నేను తీసెయ్యమన్న అని నలుగురికి జెర చెప్పు. ఎవరన్న అడిగితే, షంషీర్ వద్దనే అన్నడు, కాని తీయరాలేదు అను." కొంచెం ఆగి, "అచ్చం మా ఇంట్ల ఆమె మొహమే పడ్డది" అన్నాడు. ఆ మాటకు మాత్రం గొంతు తగ్గించడం మరిచిపోయాడు.

వాళ్లు మెట్లు దిగుతుండగా జ్ఞానశేఖర్ ఆగాడు. స్టేషను దగ్గర తమ రైల్వే వాళ్లు చదువుకునే గదిలో ఒక గోడ ఉందన్నాడు. "ఈసారి ముందే మేమంతా కూర్చొని ఒక్క మాట అనుకొని వస్తాం. చెప్పేది నేనొక్కణ్నే. నువ్వు నమూనా చూపించు, మేం సరే అన్నాక గోడ దగ్గరికి రాం. ఇట్లా అయితే నీకు సమ్మతమేనా?"

నాగూర్ బాషా నోరు తెరిచాడు. ఖుర్షీదాకు తెలుసు, ఆ పెదవుల మీదకు ఏ మాట రాబోతోందో.

"గోడ చూసి చెప్త సార్" అన్నాడు అతను.

మరునాడు కింది సగం. బిక్షం పొద్దున్నే గచ్చు వేసి, అతుకు దగ్గర సన్నగా నలిపి, ఆడవాళ్ల చీరల మడతల్లో కలిసిపోయేలా చేశాడు. నాగూర్ బాషా ఆ రోజు పని చేస్తూ మాట్లాడాడు. కుంచె పనికిరాదన్నాడు, బిక్షం సున్నం నూరడం మరిచిపోయాడన్నాడు, ఖుర్షీదా కలిపిన పచ్చ పలచగా ఉందన్నాడు. ఆమె ఇంకొంచెం మట్టి వేసింది. ఇప్పుడు మరీ చిక్కగా ఉందన్నాడు. "నువ్వే కలుపుకో" అంది ఆమె. లంబాడామె గాజులు, క్వార్టర్ల ఆమె మోకాళ్ల మీద పరుచుకున్న చీరకుచ్చెళ్లు, చివరికి చేతులు. ఇచ్చే చేతులూ, అందుకునే చేతులూ. వాటి నడుమ గచ్చు ఇంకా మెత్తగా ఉండగానే బిడ్డ. మూడు కుంచెపోట్లలో కాళ్లు తన్నుకుంటున్నట్టు వచ్చింది.

అతను పరంజా దిగి నేల మీద చతికిలబడ్డాడు.  ఖుర్షీదా నీళ్ల చెంబు ఇచ్చింది. సగం తాగి, సగం మొహం మీద చల్లుకున్నాడు. మెడ మీద ఎర్రమన్ను కారుతుంటే తుడుచుకోలేదు.

అప్పుడు గేటు తీసుకొని ఒకామె వచ్చింది. నిండు నెలల మనిషి. ఒక చెయ్యి నడుముకు ఆనించుకొని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కింది. రైల్వే వర్క్‌షాపు కూలి భార్య, పేరు ఎల్లమ్మ. వెంట ఉన్న ముసలామె మార్తను పిలవడానికి లోపలికి పోయింది. ఎల్లమ్మ బల్ల మీద వెనక్కి వాలి కూర్చొని, నొప్పి వచ్చినట్టుంది, కళ్లు మూసుకుంది. బల్ల అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. నొప్పి పోయాక కళ్లు తెరిచింది. తెరవగానే ఎదురుగా గోడ.

చాలాసేపు చూసింది. గుట్టను కాదు, మొహాలను కాదు. బిడ్డను.

"ఇది నువ్వే ఏసినవా అన్నా?" అంది నాగూర్ బాషాతో.

"నేనేనమ్మా."

"మంచిగున్నది. పొల్లగాడు తంతున్నడు సూడు." ఆమె ముందుకు వంగి ఇంకా పరీక్షగా చూసింది. "కాళ్లకు కడియాలు లేవేంది? బోడిగున్నయి. రెండు కడియాలు పెట్టరాదూ? ఎంత సేపు పడ్తది నీకు?"

గచ్చు ఇంకా తడిగానే ఉంది. చుక్కంత పసుపు చాలు. కుంచె అతని చేతికి అందేంత దూరంలో, మూకుడు మీద అడ్డంగా ఉంది. ఖుర్షీదా కుంచె వైపు చూసింది.

నాగూర్ బాషా తల పైకెత్తి గోడను చూశాడు. ఇచ్చే చేతుల నుంచి అందుకునే చేతుల దాకా, మధ్యలో ఆ రెండు బోడి పాదాల దాకా చూశాడు.

"పెట్టనమ్మా" అన్నాడు.

ఎల్లమ్మ నవ్వింది. నవ్వుతుంటే మళ్లీ నొప్పి వచ్చి, పళ్లు కొరికి, అది పోయేదాకా ఆగింది. లోపలి నుంచి మార్త చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెకు భుజం ఇచ్చింది.

"పెట్టకపోతే మానె" అంది ఎల్లమ్మ లేస్తూ. "నా బిడ్డకు నేనే పెట్టుకుంట."